బార్ తరగతులు: చైన్ స్టూడియోనా, స్థానిక స్టూడియోనా?

బార్ వ్యాయామం బాలే నృత్య సాధన నుంచి పుట్టింది. బాలే నేర్చుకునేవారు గోడకు బిగించిన కమ్మీని పట్టుకొని కాళ్లను, నడుమును సాధనకు సిద్ధం చేసుకుంటారు. ఆ కమ్మీ దగ్గరి సాధనకు పిలాటీస్, యోగా, తేలిక బరువుల కసరత్తు తోడై బార్ తరగతి తయారైంది. తరగతి మామూలుగా 45 నుంచి 60 నిమిషాలు సాగుతుంది. పరుగులు, గెంతులు దాదాపు ఉండవు. మడమలెత్తి, మోకాళ్లు వంచి, ఒక అంగుళం మేర పైకీ కిందికీ కదులుతూ ఒక్కో కండరాన్నీ అలసిపోయేదాకా పనిచేయిస్తారు. రెండు మూడు పౌండ్ల డంబెల్స్, చిన్న రబ్బరు బంతి, సాగే బ్యాండు, కాలు జారకుండా పట్టు ఉన్న సాక్సులు ఉంటే చాలు.

స్టూడియో ఎంపికకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఆ అంగుళం కదలికే. పెద్ద కదలికలో తప్పు జరిగితే చేసేవారికే తెలిసిపోతుంది. చిన్న కదలికలో తెలియదు. కటి కొద్దిగా ముందుకు ఒరిగినా తొడ మీద పడాల్సిన భారం నడుము మీద పడుతుంది. మోకాలు కాలివేళ్ల వరస తప్పితే కండరానికి బదులు కీలు నలుగుతుంది. పక్కన నిలబడి చూసి సరిదిద్దే మనిషి లేకపోతే నెలల తరబడి చేసినా ఫలితం అంతంత మాత్రమే. అందువల్ల చైన్ స్టూడియోలో చేరాలా, స్థానికులు సొంతంగా నడిపే స్టూడియోలో చేరాలా అన్నది తేల్చుకునేటప్పుడు బోర్డు మీది పేరు కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి: తరగతిలో టీచరు చూపు, సంతకం పెట్టే ఒప్పందం. ఈ అధ్యాయం ఆ రెండింటినీ పరీక్షించే పద్ధతిని వివరిస్తుంది. బార్ స్టూడియోలు అన్నిటికంటే విస్తారంగా ఉన్నది అమెరికాలో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

ఒక స్టూడియో నుంచి అనేక చైన్లు

ఈ వ్యాయామానికి మూలకర్త లోటె బెర్క్. ఆమె జర్మనీలోని కొలోన్‌లో 1913లో పుట్టిన నర్తకి. నాజీల పాలనలో దేశం విడిచి లండన్ చేరారు. వెన్నుకు గాయమైన తర్వాత, కోలుకోవడానికి చేసిన కసరత్తులను నృత్య సాధనతో కలిపి ఒక పద్ధతిగా మలిచారు. 1959లో లండన్‌లోని మాంచెస్టర్ స్ట్రీట్‌లో స్టూడియో తెరిచారు. ఆమె దగ్గర నేర్చుకున్న లిడియా బాక్ 1971లో ఆ పద్ధతిని న్యూయార్క్ తీసుకువెళ్లారు. 2005లో మూతపడేదాకా ఆ న్యూయార్క్ స్టూడియో ఎందరో టీచర్లను తయారుచేసింది.

ఇప్పుడు పేరున్న చైన్లలో కొన్నింటి మూలాలు అక్కడే ఉన్నాయి. అక్కడ తరగతులకు వెళ్లిన బర్ లెనార్డ్ 2001లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ది బార్ మెథడ్ ప్రారంభించారు. న్యూయార్క్ స్టూడియో మూతపడిన మరుసటి ఏడాది, అంటే 2006లో, ఫిజీక్ 57 మొదలైంది. 2001లోనే మిషిగన్ రాష్ట్రంలో ప్యూర్ బార్, 2008లో ఆరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌లో బార్ 3 వచ్చాయి. తర్వాత కాలంలో వీటిలో కొన్ని పెద్ద కంపెనీల చేతికి వెళ్లాయి. 2018లో ప్యూర్ బార్‌ను ఎక్స్‌పొనెన్షియల్ ఫిట్‌నెస్ కొనుగోలు చేసింది. 2019లో ది బార్ మెథడ్‌ను ఎనీటైమ్ ఫిట్‌నెస్ జిమ్‌ల మాతృసంస్థ తీసుకుంది.

ఈ చరిత్ర చేరబోయేవారికి ఉపయోగపడే విషయమే చెబుతుంది. ప్రతి చైనూ ఒకప్పుడు ఒకే గదిలో నడిచిన స్థానిక స్టూడియో. పద్ధతి ఒకరి నుంచి ఒకరికి టీచర్ల ద్వారానే అందింది. అందువల్ల చైన్ అంటే నాణ్యత తక్కువనో, స్థానిక స్టూడియో అంటే అనుభవం తక్కువనో ముందే తీర్మానించుకోకూడదు.

రెండింటి మధ్య అసలు తేడా

చైన్ స్టూడియోల్లో చాలా భాగం ఫ్రాంచైజీలు. పేరు, తరగతి నమూనా, టీచర్ల శిక్షణ, బుకింగ్ యాప్ మాతృసంస్థవి. స్థలం అద్దె, జీతాలు, రోజువారీ నిర్వహణ స్థానిక యజమాని బాధ్యత. కాబట్టి ఒకే పేరుతో ఉన్న రెండు స్టూడియోలకు వేరువేరు యజమానులు, వేరువేరు ధరలు, వేరువేరు రద్దు నియమాలు ఉండవచ్చు. డాలస్ శివార్లలో ఒక శాఖలో తీసుకున్న సభ్యత్వం పక్క ఊరి శాఖలో చెల్లుతుందని అనుకోకూడదు. కొన్ని చైన్లలో అన్ని శాఖలకూ వర్తించే సభ్యత్వం విడిగా, ఎక్కువ ధరకు ఉంటుంది.

చైన్ ఇచ్చే పెద్ద మేలు నిలకడ. తరగతి ఏ క్రమంలో సాగుతుందో ముందే తెలుస్తుంది: ఒళ్లు వేడెక్కించడం, చేతులు, తొడలు, పిరుదులు, పొట్ట, చివర సాగదీత. టీచరు మారినా నమూనా మారదు. ఉద్యోగరీత్యా తరచూ ఊళ్లు తిరిగేవారికి, ఒక నగరం నుంచి మరో నగరానికి మారేవారికి ఇది నిజమైన సౌకర్యం. కొత్త టీచర్లకు ఒక కనీస శిక్షణ తప్పనిసరిగా ఉంటుంది.

దాని వెంటే ఒక పరిమితి కూడా వస్తుంది. నమూనా పైనుంచి వస్తుంది కాబట్టి గదిలో ఉన్నవారిని బట్టి దాన్ని మార్చే స్వేచ్ఛ టీచరుకు తక్కువ. వేగంగా సాగే సంగీతానికి అనుగుణంగా కదలికలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, ఒక్కరి మోకాలి ఇబ్బంది కోసం ఆగడం కష్టం.

స్థానిక స్టూడియోలో తరచూ యజమానే టీచరు. ఆమె మాజీ నర్తకి కావచ్చు, ఫిజియోథెరపిస్టు కావచ్చు, పిలాటీస్ టీచరు కావచ్చు. ఆ నేపథ్యమే తరగతి స్వరూపాన్ని నిర్ణయిస్తుంది. గదిలో ఎనిమిది మందే ఉంటే ప్రతి ఒక్కరి పేరూ, పాత గాయమూ ఆమెకు గుర్తుంటాయి. కదలికను అప్పటికప్పుడు మార్చగలుగుతుంది. అయితే ఆమెకు జ్వరం వస్తే తరగతి రద్దవుతుంది. వేళలు తక్కువగా ఉంటాయి. అద్దె పెరిగితే స్టూడియోనే మూతపడవచ్చు. ఆ ప్రమాదం ఫ్రాంచైజీ యజమానికీ ఉంది, కానీ చైన్‌లో దగ్గరి శాఖకు మారే అవకాశం కొంత ఉంటుంది.

టీచరును పరీక్షించడం

అమెరికాలో వ్యాయామ శిక్షకులకు ప్రభుత్వ లైసెన్సు అవసరం లేదు. గోడ మీద ధ్రువపత్రం ఉంటే మంచిదే. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వంటి సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్లు శరీర నిర్మాణం, భద్రత గురించిన ప్రాథమిక జ్ఞానానికి సూచన. చైన్‌లో సొంత శిక్షణ పొందినవారిని ఆ శిక్షణ ఎన్ని వారాలు సాగిందో, అందులో శరీర నిర్మాణ పాఠాలు ఉన్నాయో లేదో అడగవచ్చు. స్థానిక టీచరును ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎంతకాలంగా బోధిస్తున్నారో అడగవచ్చు. మంచి టీచరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

సర్టిఫికెట్ కంటే నమ్మదగిన సాక్ష్యం తరగతిలోనే దొరుకుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఈ నాలుగు విషయాలు గమనించాలి.

ఒకటి: తరగతికి ముందు కొత్తవారిని గాయాలు, ఆపరేషన్లు, గర్భం గురించి అడిగారా? చీటీ మీద రాయించుకొని సొరుగులో పెట్టడం ఒక పద్ధతి. చదివి, దాన్ని బట్టి ప్రత్యామ్నాయ కదలిక చూపించడం వేరు.

రెండు: టీచరు గదిలో తిరుగుతున్నారా, లేక ముందు నిలబడి తామే వ్యాయామం చేస్తున్నారా? తరగతి మొత్తం తామే చేసే టీచరుకు మిగతావారిని చూసే వ్యవధి ఉండదు.

మూడు: సూచనలు స్పష్టంగా ఉన్నాయా? "ఇంకా కిందికి, ఇంకా కిందికి" అనేది ఉత్సాహపరచడమే తప్ప సూచన కాదు. "మోకాలు రెండో కాలివేలి దిశలో ఉంచండి, బరువు బొటనవేలి కింది మెత్త మీద వేయండి" అనేది సూచన.

నాలుగు: ఎవరైనా మధ్యలో ఆగితే టీచరు ఎలా స్పందించారు? ఆగినవారికి తేలిక కదలిక చూపిస్తే మంచి గది. అందరి ముందూ పేరు పిలిచి కొనసాగించమని ఒత్తిడి చేస్తే ఆ గది వదిలేయాలి.

టీచరు చేత్తో తాకి సరిదిద్దే అలవాటు కొన్ని స్టూడియోల్లో ఉంది. ముందుగా అనుమతి అడగడం మర్యాద. ఇష్టం లేనివారు ఆ మాట నిస్సంకోచంగా చెప్పవచ్చు. మాటతోనే సరిదిద్దగలగడం టీచరు నైపుణ్యానికి గుర్తు.

శరీరానికి సరిపోయే పద్ధతి

బార్ పద్ధతులన్నీ ఒకటి కావు. కొన్ని కటిని లోపలికి ముడిచి ఉంచమంటాయి. బార్ 3 వంటివి వెన్నెముక సహజమైన వంపును అలాగే ఉంచి చేయమంటాయి. నడుము నొప్పి ఉన్నవారికి ఈ తేడా చాలా ముఖ్యం. పదేపదే కటిని ముడవడం కొందరికి నొప్పిని పెంచుతుంది. అలాంటివారు చైన్ అయినా స్థానిక స్టూడియో అయినా తటస్థ వెన్నెముకతో చేసే వెసులుబాటు ఉందో లేదో ముందే తెలుసుకోవాలి.

కాళ్లను బయటికి తిప్పి మోకాళ్లు వంచే భంగిమ బార్‌లో తరచూ వస్తుంది. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకున్నవారికి ఇది అరమండికి దగ్గరగా అనిపిస్తుంది. రెండింటిలోనూ సూత్రం ఒకటే: తిరగాల్సింది తుంటి కీలు దగ్గర. తుంటి ఎంత తిరిగితే పాదం అంతే తిరగాలి. పాదాలను బలవంతంగా విప్పితే మోకాలు మెలిపడుతుంది. చిన్నప్పుడు నాట్యం నేర్చుకొని మళ్లీ సాధన మొదలుపెట్టే తెలుగు మహిళలు అమెరికా నగరాల్లో ఎందరో ఉన్నారు. వారికి భంగిమ త్వరగా పట్టుబడుతుంది, కానీ పాత అలవాటు మీద నమ్మకంతో లోతుకు వెళ్లే ప్రమాదమూ ఉంటుంది. ఈ సంగతి టీచరుకు మొదటే చెప్పడం మంచిది.

తొడలు వణకడం కండరం అలసిందని చెప్పే గుర్తు. దానికి భయపడనక్కర్లేదు. కీలులో పోటు, సూది గుచ్చినట్టు నొప్పి, తిమ్మిరి మాత్రం ఆపమని చెప్పే గుర్తులు. గర్భిణులు డాక్టరును అడిగాకే చేరాలి. నెలలు నిండేకొద్దీ ఎక్కువసేపు వెల్లకిలా పడుకొని చేసే కసరత్తులు మానాలి కాబట్టి, గర్భిణులకు బోధించిన అనుభవం ఉన్న టీచరు దొరికే స్టూడియోనే ఎంచుకోవాలి. కాన్పు తర్వాత పొట్ట కండరాల మధ్య ఎడం ఏర్పడినవారికీ ఇదే వర్తిస్తుంది. ఇలాంటి ప్రత్యేక అవసరాలు ఉన్నప్పుడు చిన్న తరగతి వైపు మొగ్గడం సబబు.

బార్‌తోనే వ్యాయామం పూర్తయిందని అనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి కసరత్తు అవసరం. బార్ భంగిమను, ఓర్పును, సమతూకాన్ని మెరుగుపరుస్తుంది. రెండు పౌండ్ల డంబెల్ దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతే బలం పెరగడం ఆగిపోతుంది. నడక, బరువులు ఎత్తడం కూడా అవసరమే. అదే స్టూడియోలో బరువుల తరగతి ఉంటే మంచిది. లేకపోతే దానికీ సమయం, డబ్బు మిగిలేలా సభ్యత్వం ఎంచుకోవాలి.

డబ్బు లెక్క

అమెరికాలో ఒక్క బార్ తరగతి ధర ఊరిని బట్టి సుమారు 20 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటుంది. స్టూడియోలు సాధారణంగా మూడు రకాలుగా అమ్ముతాయి: విడి తరగతి, ఐదో పదో తరగతుల ప్యాక్, నెలవారీ సభ్యత్వం. అపరిమిత సభ్యత్వం చూడటానికి చవకగా కనిపిస్తుంది. ధర వాడకాన్ని బట్టి తేలుతుంది. నెలకు 180 డాలర్ల సభ్యత్వంతో 12 తరగతులకు వెళ్తే ఒక్కోటి 15 డాలర్లు పడుతుంది. నాలుగే వెళ్తే ఒక్కోటి 45 డాలర్లు. రెండో సందర్భంలో విడిగా కొనుక్కోవడమే మేలు.

కాబట్టి లెక్క వేయాల్సింది వెళ్లాలనుకునే రోజులతో కాదు, నిజంగా వెళ్లగలిగే రోజులతో. పిల్లల బడి వేళలు, ఆఫీసు సమావేశాలు, భారత్ ప్రయాణాలు, పండుగ నెలలు తీసేసి చూడాలి. ఏడాదిలో ఒక నెల స్వదేశానికి వెళ్లేవారు సభ్యత్వాన్ని తాత్కాలికంగా నిలిపే వీలుందో, దానికి రుసుము ఎంతో అడగాలి.

పైకి కనిపించని ఖర్చులు మరికొన్ని ఉన్నాయి. చేరిక రుసుము, వార్షిక రుసుము, ఆలస్యంగా రద్దు చేస్తే జరిమానా, సాక్సుల ధర, పార్కింగ్. చైన్లలో రద్దు జరిమానా యాప్ ద్వారా దానంతటదే పడుతుంది. స్థానిక స్టూడియోలో నియమం ఉన్నా, పిల్లవాడికి జ్వరమని చెబితే యజమాని మాఫీ చేసే అవకాశం ఉంటుంది. తరగతుల ప్యాక్ కొంటే గడువు తేదీ చూడాలి. మూడు నెలల్లో ముగిసే పది తరగతుల ప్యాక్ వారానికొకసారి వెళ్లేవారికి సరిపోతుంది, నెలకు రెండుసార్లు వెళ్లేవారికి నష్టం.

ఒప్పందం చదవడం

ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది వ్యాయామం గురించి కాదు, సభ్యత్వం రద్దు గురించి. నెలవారీ సభ్యత్వాలు చాలావరకు వాటంతటవే పునరుద్ధరణ అవుతాయి. సంతకానికి ముందు ఐదు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు ఉండాలి. కనీసం ఎన్ని నెలలు ఉండాలి? రద్దుకు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి? ఆ నోటీసు యాప్‌లో చాలా, ఈమెయిల్ పంపాలా, స్వయంగా రావాలా? ధర పెంచే ముందు తెలియజేస్తారా? స్టూడియో మూతపడినా, చేతులు మారినా ముందే కట్టిన డబ్బు ఏమవుతుంది?

వ్యాయామ కేంద్రాల ఒప్పందాల మీద అమెరికాలో అనేక రాష్ట్రాలకు సొంత చట్టాలున్నాయి. న్యూయార్క్ చట్టం కింద ఒప్పందం అందిన మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. టెక్సస్ చట్టం మూడు పనిదినాలు, కాలిఫోర్నియా చట్టం కనీసం ఐదు పనిదినాలు ఇస్తాయి. దూర ప్రాంతానికి ఇల్లు మారినవారికి కొన్ని రాష్ట్రాల్లో రద్దు హక్కు ఉంటుంది. న్యూయార్క్‌లో ఆ దూరం 25 మైళ్లు. ప్రతి చిన్న స్టూడియో ఈ చట్టాల పరిధిలోకి వస్తుందని చెప్పలేం కాబట్టి ఒప్పందంలో రద్దు హక్కు రాసి ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. చేరడం ఎంత సులభమో రద్దూ అంతే సులభంగా ఉండాలంటూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో ఒక నియమం ప్రకటించింది. 2025 జులైలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. అందువల్ల రాష్ట్ర చట్టం, ఒప్పందంలోని వాక్యాలే వినియోగదారుకు ఆధారం.

ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామనే స్టూడియోలు చాలానే ఉంటాయి. ఎంత నమ్మకమున్నా కొత్త స్టూడియోకు ఏడాది డబ్బు ముందే ఇవ్వడం మంచిది కాదు. 2020లో కరోనా లాక్‌డౌన్లతో ఎన్నో స్టూడియోలు, పేరున్న చైన్లతో సహా, తలుపులు మూసేశాయి. నెల నెలా కట్టేవారికి నష్టం ఒక నెలకే పరిమితమవుతుంది. స్థానిక స్టూడియో నిలవాలని కోరుకునేవారు నెలవారీ సభ్యత్వం క్రమం తప్పకుండా కట్టి, తరగతులకు క్రమం తప్పకుండా వెళితే అదే దానికి అసలైన ఆసరా.

భారత్‌లో చేరేవారికి

ఫిజీక్ 57 ముంబయి, బెంగళూరుల్లో స్టూడియోలు నడుపుతోంది. బార్ చైన్ లేని నగరాల్లో పిలాటీస్ లేదా నృత్య కేంద్రాల్లో జరిగే తరగతులే దారి. అక్కడ టీచరు పరీక్ష మరింత అవసరం, ఎందుకంటే పేరు బార్ అయినా లోపల జరిగేది మామూలు ఏరోబిక్స్ కావచ్చు. వ్యాయామ కేంద్రాల సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో పాత రేటు వేస్తున్నారేమో చూసుకోవాలి. డబ్బు కట్టాక సేవ అందకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాము నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రసీదు, ఒప్పందం ప్రతి దగ్గరుండాలి.

నెల రోజుల పరిశీలన

మొదటి రోజే సంతకం పెట్టే బదులు ఒక నెల పరిశీలనకు కేటాయించడం మంచి పద్ధతి. చాలా స్టూడియోల్లో తొలి తరగతి ఉచితం లేదా తగ్గింపు ధరకు ఉంటుంది. పాయల్ కడాకియా 2013లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన క్లాస్‌పాస్ వంటి యాప్‌ల ద్వారా ఒకే చెల్లింపుతో వేర్వేరు స్టూడియోలు చూడవచ్చు.

మొదటి వారం ఒక చైన్ స్టూడియోలో, ఒక స్థానిక స్టూడియోలో చెరొక తరగతి చేయాలి. రెండో వారం అదే స్టూడియోల్లో వేరే టీచర్ల తరగతులకు వెళ్లాలి. ఒక మంచి టీచరును చూసి స్టూడియో మొత్తాన్ని అంచనా వేస్తే పొరపాటు జరుగుతుంది. మూడో వారం రోజూ వెళ్లదలచిన వేళకే వెళ్లాలి. సాయంత్రం ఆరు గంటల తరగతిలో చోటు దొరుకుతుందా, ట్రాఫిక్‌లో సమయానికి చేరగలరా అన్నది అప్పుడే తెలుస్తుంది. నాలుగో వారం ఒప్పందాలు తెచ్చుకొని ఇంట్లో తీరిగ్గా చదవాలి. ఈరోజే చేరితేనే తగ్గింపు అని తొందరపెట్టే చోట మరింత జాగ్రత్తగా ఉండాలి.

తేల్చుకునే క్రమం

తరచూ ఊళ్లు మారేవారికి, పొద్దున్నే లేదా రాత్రి పొద్దుపోయాక మాత్రమే తీరిక దొరికేవారికి, ఆరోగ్య సమస్యలు లేనివారికి, ఒకే క్రమంలో సాగే తరగతి నచ్చేవారికి చైన్ అనుకూలం. పాత గాయాలున్నవారికి, గర్భిణులకు, బాలింతలకు, వయసు మళ్లినవారికి, వ్యాయామానికి పూర్తిగా కొత్తవారికి తక్కువమంది ఉండే స్థానిక స్టూడియో ఎక్కువ మేలు చేస్తుంది. ఆ ఊళ్లోని చైన్ శాఖలో తరగతి చిన్నదై, టీచరు అనుభవజ్ఞురాలైతే అదీ అంతే మేలు చేస్తుంది.

రెండూ సమానంగా కనిపిస్తే ఈ వరసలో చూడాలి: ముందు టీచరు, తర్వాత ఇంటికి లేదా ఆఫీసుకు ఉన్న దూరం, ఆ తర్వాత రద్దు నియమం, చివర ధర. మంచి టీచరు దగ్గర వారానికి రెండు తరగతులు చేయడం, చూసేవారు లేని గదిలో ఐదు చేయడం కంటే శరీరానికి ఉపయోగం. దగ్గర్లో ఉన్న స్టూడియోకు ఏడాది పొడవునా వెళ్లగలుగుతారు. రద్దు సులభంగా ఉంటే ఎంపిక తప్పినా సరిదిద్దుకోవచ్చు. ఆరు నెలలకొకసారి ఇవే ప్రశ్నలు మళ్లీ వేసుకోవాలి. టీచర్లు మారతారు, యజమానులు మారతారు, శరీర అవసరాలూ మారతాయి. ఆ మార్పును బట్టి స్టూడియో మార్చుకోవడంలో తప్పేమీ లేదు.